ఊరియా సంతకం

దోహాలో ఇరవై రెండేళ్ళు తెలుగు సంఘానికి పాస్టరుగా పనిచేసి పోయిన నెల రిటైరయ్యాను. ఇది ఉద్యోగం కాదండీ, పిలుపు అని మావాళ్ళు నన్ను సవరిస్తారు. నెలనెలా జీతం తీసుకున్నాను, జీతం ఇచ్చినవాళ్ళకి భయపడ్డాను. కాబట్టి ఉద్యోగమే. ఆ భయం గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గల్ఫ్ సంఘాలకి కొత్తగా వచ్చే కుర్ర పాస్టర్లు దీన్ని చదువుతారని ఆశ. ఎన్ని బాప్తిస్మాలు ఇచ్చానో, ఎవరు నాకు శాలువా కప్పారో ఇందులో ఉండదు. అవన్నీ ఫ్లెక్సీల మీద ఉన్నాయి, కావాలంటే అక్కడ చూసుకోండి. నేను రాసేది ఒక రాజు గురించి, ఒక చైర్మన్ గురించి, నేను చేసిన ఒక వెధవ పని గురించి.

ఆరు గంటలు

ముందు ఇక్కడి పద్ధతి తెలియాలి. ఈ దేశంలో చర్చిలన్నీ ఒకే ప్రహరీ లోపల ఉంటాయి. హాళ్ళు తక్కువ, భాషలు ఎక్కువ. ఏ సంఘానికి ఏ హాలు, వారంలో ఏ గంట అని ఒక జాబితా ఉంటుంది. ఒకసారి గంట చేజారితే మళ్ళీ దొరకడం కల్ల. మా సంఘానికి ఉన్నది శుక్రవారం ఉదయం ఆరు నుంచి ఏడున్నర, వెనకవైపు చిన్న హాలు.

నేను కొత్తగా వచ్చినప్పుడు ఆ వేళ చూసి మొహం చిట్లించాను. సెలవురోజు తెల్లారగట్ల ఎవరొస్తారని అడిగాను. అప్పుడు దయామణి గారు నవ్వారు.

దయామణి గారు దోహాలోని అల్ ఘర్రాఫాలో ఒక విల్లాలో వంటమనిషి. కోనసీమ నుంచి వచ్చారు. ఆవిడ భర్త ఆనందరావు గారు అదే ఇంట్లో డ్రైవరు. మా సంఘం పుట్టింది వాళ్ళిద్దరి చేతుల మీదే. ఆనందరావు గారు తన డ్యూటీ అయ్యాక అర్జీ పట్టుకుని ఆఫీసుల చుట్టూ రెండేళ్ళు తిరిగి ఆ గంటన్నర సంపాదించారు.

"అయ్యగారండీ, శుక్రారం ఇళ్ళల్లో పది దాకా ఎవరూ లెగరండి," అన్నారు దయామణి గారు. "మేం పనోళ్ళం బయటకి రావడానికి ఆ టయిమొక్కటే ఒప్పుకుంటారండి. ఎనిమిదికల్లా ఇంట్లో ఉంటే మమ్మల్ని ఎవరూ ఏమనరండి. అందుకే ఆరు కావాలని పట్టుబట్టేం."

అప్పుడు తెలిసింది నాకు ఆ వేళ విలువ. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, హౌస్ డ్రైవర్లు, తోటమాలులు, అరవై డెబ్భై మంది, ఇంకా తడి ఆరని జుట్టుతో వచ్చి కూర్చునేవాళ్ళు. రాజోలు ఆవిడ పక్కన జగిత్యాల మనిషి, ఆయన పక్కన కడప మనిషి. ఏడున్నరకి ఆఖరి ఆమెన్ చెప్పగానే పరుగు. ప్రభువు బల్లగా మేం వాడుకున్నది ప్యాకింగు పెట్టెల చెక్కతో చేసినది. నజ్మా పేటలో ఉండే మన వడ్రంగి ఒకాయన చేసిచ్చాడు. పక్కన ఒక చోట పెట్టె మీది బాణం గుర్తు ఇంకా కనిపించేది. దాని మీద తెల్లబట్ట పరిచి దయామణి గారే రొట్టె పెట్టేవారు.

ఆనందరావు గారు ఇక్కడే పోయారు. తర్వాత కొన్నేళ్ళకి దయామణి గారికి ఒంట్లో బాగోక ఊరికి వెళ్ళిపోతూ, ఎయిర్‌పోర్టులో నా చెయ్యి పట్టుకున్నారు. "నాకింకేటీ వద్దండి. ఆరుగంటలు మాత్రం పోనివ్వకండి. అది పోతే మనోళ్ళకి ఆరాధనే ఉండదండి." అలాగేనమ్మా అన్నాను. నోటితో అనడానికి ఖర్చేముంది.

ఆహాజు మీద నాకున్న కోపం

లేఖనాల్లో చెడ్డ రాజులు చాలామంది ఉన్నారు. యూదా రాజు ఆహాజు పేరు చదివితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే వాడికి లేనిదంటూ లేదు. తాత ఉజ్జియా చివర్లో గర్వంతో చెడ్డాడు గానీ, ఎక్కువ కాలం దేవుని భయంతోనే ఏలాడు. తండ్రి యోతాము యథార్థవంతుడు, మందిరానికి పై గుమ్మం కట్టించాడు. నాన్న గుమ్మం కట్టిస్తే కొడుకు ఆ మందిరం తలుపులే మూయించాడు. ఇంతకన్నా దుర్మార్గం ఏముంటుంది?

తెలియక చేసినవాడిని చూసి జాలిపడొచ్చు. ఇరవై ఏళ్ళ వయసుకి సింహాసనం, వెనక తరతరాల భక్తి, ఇంట్లోనే ప్రవక్తల మాట. అన్నీ ఉండి, కష్టం వచ్చేసరికి అష్షూరు రాజుకి నేను నీ కొడుకునని కబురంపాడు. దావీదు వంశంలో పుట్టినవాడు ఇంకెవడికో కొడుకునని చెప్పుకున్నాడు. ఆ మాట చదివినప్పుడల్లా పుస్తకం మూసి కాసేపు అటూ ఇటూ తిరుగుతాను.

తర్వాత ఆ రాజుని కలవడానికి దమస్కు వెళ్ళాడు. అక్కడొక బలిపీఠం కనిపించింది. పెద్దది, అందంగా ఉంది. మనది పాతబడిపోయింది అనిపించింది కాబోలు. దాని కొలతలు, నమూనా గీయించి యెరూషలేములో ఉన్న యాజకుడికి పంపాడు. ఆ యాజకుడు రాజు తిరిగొచ్చేలోగా అచ్చం అలాంటిదే కట్టించి పెట్టాడు. సొలొమోను కాలం నుంచి ఉన్న ఇత్తడి బలిపీఠాన్ని పక్కకి జరిపారు.

ఆ యాజకుడి పేరు ఊరియా. ఈ పేరు చెప్పగానే అందరికీ దావీదు చంపించిన సిపాయి గుర్తొస్తాడు. ఇతను వేరే. ఇతన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఈ భాగం మీద నేను కనీసం పదిసార్లు ప్రసంగం చేశాను. ప్రతిసారీ ఆహాజుని ఉతికి ఆరేశాను. ఊరియా జోలికి ఒక్కసారీ పోలేదు.

దమస్కు నుంచి ఫోటో

దయామణి గారి కొడుకు సుధీర్. అమ్మానాన్నా ఇక్కడ పనిచేస్తుంటే వాడు అమలాపురంలో హాస్టల్లో ఉండి చదివాడు. ఇంజినీరై దోహా వచ్చాడు. కొన్నేళ్ళలో ఆఫీసులకీ ఇళ్ళకీ మనుషుల్ని పంపే కంపెనీ పెట్టాడు. బాగా పైకొచ్చాడు. ఒకరి కష్టంలో ఆదుకోవడానికి వెనకాడే మనిషి కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కమిటీ ఎన్నికలు పెడితే పోటీ లేకుండా చైర్మన్ అయ్యాడు. ఫలానా దయామణి గారి అబ్బాయి కదా అని అందరూ చేతులెత్తారు. ఎత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఏడాది తిరక్కుండా మాటల్లో తేడా కనిపించింది. సంఘ చరిత్ర అని తెర మీద వేయడానికి ఒక వీడియో చేయించాడు. అందులో వాళ్ళమ్మ ఫోటో కింద 'గృహిణి' అని ఉంది. వాళ్ళ నాన్నగారు 'దోహాలో స్థిరపడిన తొలితరం తెలుగువారు'. ముప్ఫై ఏళ్ళు ఇంకొకరి వంటింట్లో నిలబడి చీలమండలు వాచిపోయిన మనిషి గృహిణి అట. నాకు కడుపు మండింది. బయటికి మాత్రం "బాగుంది బాబూ" అన్నాను.

ఒకసారి వ్యాపారం పని మీద వేరే దేశం వెళ్ళి, అక్కడ ఒక పెద్ద సంఘం చూశాడు. వేదిక ఫోటోలు నా ఫోనుకి వరసగా వచ్చిపడ్డాయి. లైట్లు, పొగ, గోడంత తెర. వెనకాలే ఫోను.

"అయ్యగారూ, చూశారా? మనం ఇంకా ఆ ప్యాకింగు చెక్క దగ్గరే ఉన్నాం. శనివారం సాయంత్రం పెద్ద హాలు ఉన్న సంఘం వాళ్ళతో మాట్లాడాను. వాళ్ళకి మన శుక్రవారం ఉదయం కావాలట, మార్చుకుంటారు. లెటరు మీద పాస్టరు సంతకం ఉండాలట. నేను వచ్చేసరికి అయిపోవాలండి."

"మరి ఆరింటికి వచ్చేవాళ్ళు, బాబూ?"

"వాళ్ళ వల్ల గ్రోత్ ఎక్కడుందండీ? ఫ్యామిలీలు రావాలి, ప్రొఫెషనల్స్ రావాలి. వీళ్ళకి రికార్డింగ్ పంపిద్దాం."

తర్వాత వాడే, ఇంకో గొంతుతో అన్నాడు. "మా అమ్మ శుక్రవారం ఆ ఆరు గంటల కోసం నా ఫోను కట్ చేసేది అయ్యగారూ. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ. వాళ్ళందరికీ అమ్మ ఆవిడ. నాకు మాత్రం వాయిదా వేసిన ఫోను."

అది నిజమైన నొప్పి. ఇప్పటికీ దాన్ని కొట్టిపారేయను. కానీ తల్లి మీది అలకని తల్లి దగ్గర తీర్చుకోవాలి. ఆవిడ కాపాడిన వాళ్ళ మీదనా? సుధీర్ విగ్రహాలకి మొక్కలేదు, ప్రార్థన మానలేదు, పాటలు నాకంటే బాగా పాడతాడు. తల్లిదండ్రులు ఆ గంటన్నరని ఎవరి కోసం సంపాదించారో వాళ్ళని వదిలేశాడు. నా లెక్కలో ఇంటి భక్తిని వదిలెయ్యడమంటే అదే. మిగతాదంతా పైకి కనిపించే వేషం.

ఈ మాట ఆరోజు వాడితో అనవలసింది. అనలేదు. ఈ దేశంలో ఉండడానికి కావలసిన నా ఐడీ, నా భార్య ఐడీ వాడి కంపెనీ మీద ఉన్నాయి. మూడు నెలల్లో రెన్యువల్ ఉంది. ఇంత స్పష్టంగా అప్పుడు నాకు నేను చెప్పుకోలేదు. సంఘ ఐక్యత, కాలానుగుణమైన మార్పు, యువత అని పెద్దపెద్ద మాటలు చెప్పుకున్నాను. తమ్ముళ్ళూ, మీకు మీరే ఇలాంటి పెద్ద మాటలు చెప్పుకుంటుంటే అనుమానపడండి.

నా భార్య కరుణ ఒక్కటే అడిగింది. "సంతకం పెట్టేముందు, ఆరింటికొచ్చేవాళ్ళలో సుగుణమ్మని ఓ మాట అడిగారా?"

అడగలేదు.

ఖాదర్ భాయ్ టైపింగ్ సెంటర్

ఇక్కడ ఏ అర్జీ అయినా అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఉండాలి. నజ్మాలో ఖాదర్ భాయ్ టైపింగ్ సెంటర్లో నా కాగితాలన్నీ చేయించేవాణ్ణి. ఖాదర్ భాయ్‌ది బోధన్. ఇంట్లో దక్కనీ, నాతో తెలుగు. నేను ఎక్కడైనా తెలుగులోనే సంతకం పెడతానని ఆయనకి తమాషా. "మీ దస్కత్ చూస్తే మా బోధన్ బస్సు బోర్డు యాదికొస్తది అయ్యగారూ," అనేవాడు. నాకది గర్వంగా ఉండేది.

ఆరోజు నేను చెప్పింది టైపు చేస్తూ మధ్యలో ఆగాడు.

"ఏంది అయ్యగారూ, జుమ్మా ఇడిచిపెట్టి సనివారం పట్టుకుంటున్రా?"

"పెద్ద హాలు భాయ్. వసతిగా ఉంటుంది."

"హాలు సంగతి గాదు. మీతానకి వచ్చేటోళ్ళు నాకెరుకే గదా. ఘర్రాఫా కెళ్ళి వచ్చే ఆడోళ్ళు, గా డ్రైవర్లు. సనివారం సాయంత్రం మేడం బజారుకు పోతది, ఇంటికి సుట్టాలొస్తరు. ఆల్లు యాడికెల్లి వస్తరు?"

నేను గోడ మీది క్యాలెండర్ చూశాను.

"నాదేముంది," అన్నాడాయన, మళ్ళీ కీబోర్డు మీదికి వంగి. "నేను కొట్టేటోన్ని. మీరు చెప్పిండ్రు, నేను కొట్టిన. గని మా మసీదుల ఎవలన్న జుమ్మాను గిట్ల మారుస్తమంటే మా ఇమాం సాబ్ చెప్పుతోని కొట్టేటోడు."

వేరే మతంవాడు, మా కమిటీలో లేనివాడు, ఒక్క నిమిషంలో చూశాడు. ఇరవై ఏళ్ళు వేదాంతం చదివి చెప్పినవాణ్ణి, నేను క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను. కాగితం బయటికొచ్చింది. పైన అరబ్బీ, కింద ఇంగ్లీషు, అట్టడుగున నా సంతకం, పొందికగా, తలకట్లతో సహా.

సుధీర్ విమానం దిగేసరికి అంతా సిద్ధం. పెద్ద హాల్లో తెర కట్టించాను. లైట్లు పెట్టించాను. పాత చెక్క బల్లని పక్కకి జరిపించాను. దాని మీద సౌండు పెట్టె పెట్టారు. వాడు హాల్లోకొచ్చి చుట్టూ చూసి నన్ను కావలించుకున్నాడు. "మీలాంటి పాస్టరు దొరకడం మా అదృష్టం," అన్నాడు. ఐడీ రెన్యువల్ ఆ నెల్లోనే అయిపోయింది.

తలుపు

మార్పు సంగతి వాట్సాప్ గ్రూపులో పెట్టాం. అందరూ చూశారనుకున్నాం. సుగుణమ్మ సంగతి నాకు తెలిసి ఉండాల్సింది. మలికిపురం దగ్గర పల్లె ఆవిడది. అల్ ఘర్రాఫాలో, దయామణి గారు పనిచేసిన వీధిలోనే, పిల్లల్ని చూసుకునే పని. ఆవిడ ఫోను ఎక్కువగా మేడమ్ దగ్గరే ఉంటుంది, ఎప్పుడైనా ఓ సాయంత్రం చేతికిస్తుంది.

ఆ శుక్రవారం ఆవిడ, ఇంకో ముగ్గురు, ఎప్పటిలాగే ఆరింటికి వచ్చారు. సాయంత్రం నాకు వాయిస్ మెసేజ్ పెట్టింది.

"అయ్యగారండీ, ఇవాళ వచ్చేవండి. తలుపేసుందండి. లోపల వేరే బాసలో పాడుకుంటన్నారండి. తప్పు రోజు వచ్చేవేమో అనుకున్నావండి. మెట్ల మీద కూచుని పరలోక ప్రార్థన చెప్పుకుని వెళ్ళిపోయేవండి. ఆయ్, మీ ఆరోగ్యం బాగుందా అండి?"

నా ఆరోగ్యం అడిగింది. ఇలా మార్చారమ్మా, కమిటీ నిర్ణయం, అని జవాబు పెట్టాను. 'మార్చారు' అన్నాను. 'మార్చాను' అనలేదు.

శనివారాలు హాలు నిండింది. కార్లు పెట్టడానికి చోటు చాలలేదు. నన్ను మెచ్చుకోని వాళ్ళు లేరు. ఆరు గంటలవాళ్ళు మొదట్లో అయిదారుగురు ఎలాగో తిప్పలుపడి వచ్చారు. తర్వాత ఇద్దరు. తర్వాత ఎవరూ లేరు. రికార్డింగులు పంపేవాళ్ళం. పనిచేసుకునేవాళ్ళకి చెవిలో ప్రసంగం చాలదు. వాళ్ళకి కావలసింది పక్కన ఇంకో మనిషి భుజం, చేతిలో రొట్టెముక్క, వారానికి గంటన్నర సేపు 'అమ్మా' అని పిలిచేవాళ్ళు. అది తెలిసీ నేను మౌనంగా ఉన్నాను, ఆరేళ్ళు.

దయామణి గారు ఊళ్ళో పోయారు. ఆఖరిసారి ఫోనులో ఆవిడ అడిగింది ఒక్కటే. "ఆరుగంటలు జరుగుతుందాండి?" కొడుకు ఆవిడకి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. "జరుగుతోందమ్మా," అన్నాను. మంచం మీద ఉన్న మనిషితో అబద్ధమాడాను. నా ఉద్యోగంలో నేను చేసిన పనుల్లో దీన్ని మించిన నీచం లేదు.

వీడ్కోలు

రిటైరయ్యే శనివారం ఆహాజు గురించి మాట్లాడాను. ఈసారి ఊరియాని కూడా వదల్లేదు. రాజుకి కావలసినట్టు కట్టిపెట్టే యాజకుడు లేకపోతే రాజు ఒక్కడే ఏం చేయగలడని అడిగాను. మందిరం తలుపు మూయడానికి గొళ్ళెం పట్టుకున్న చెయ్యి ఎవరిదని అడిగాను. ఆరు గంటల ఆరాధన పేరు పెట్టే చెప్పాను.

విమానం టికెట్టు జేబులో ఉన్నవాడి ధైర్యం అది. దాన్ని చూసి మీరెవరూ చప్పట్లు కొట్టొద్దు.

సుధీర్ స్టేజి మీదికొచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "చాలా పవర్‌ఫుల్ మెసేజ్ అయ్యగారూ. మా అమ్మ గుర్తొచ్చింది." కళ్ళల్లో నీళ్ళున్నాయి, నటన కాదు. తర్వాత కేకు కోయించారు. ఆ గంటన్నర తిరిగి అడుగుదాం బాబూ అన్నాను, చెవిలో. "చూద్దాం అయ్యగారూ," అన్నాడు. ఆ 'చూద్దాం' ఎంతదూరం వెళ్తుందో నాకు తెలుసు. నేనూ జీవితమంతా ఆ మాట వాడినవాణ్ణే.

ఆ ప్రసంగం ఎవరికి చెందిందో వాళ్ళలో ఒక్కరూ ఆ హాల్లో లేరు. శనివారం కదా.

విమానం ముందురోజు పొద్దున్నే, కరుణా నేనూ అల్ ఘర్రాఫా వెళ్ళాం. విల్లా పక్క గేటు దగ్గర సుగుణమ్మ వచ్చి నిలబడింది. చేతులకి సబ్బునురగ. పది నిమిషాలు టయిముందండి అంది. ఊరి సంగతులు, కూతురి నర్సింగు చదువు, నా మోకాళ్ళు. మాట అయిపోతోంది. ఇక ఆగలేక చెప్పేశాను.

"సుగుణమ్మా, ఆ టైము మార్చింది కమిటీ కాదమ్మా. కాగితం మీద సంతకం పెట్టింది నేను. నన్ను క్షమించు."

ఆవిడ చేతులు గౌనుకి తుడుచుకుంది. తొందరపడలేదు.

"తెలుసండి," అంది. "ఆ రోజు తలుపు మీద కాయితం అంటించున్నారండి. అరబ్బీ ఉందండి, ఇంగిలీసు ఉందండి. మాకు చదవడానికొచ్చింది మీ పేరొక్కటేనండి."

లోపల్నుంచి ఎవరో పిలిచారు. "ఉంటానండి అయ్యగారండీ, ప్రేర్ చేసుకోండి మా గురించి," అని గేటు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.